రాత మిషను రాసిన బస్సు అర్జీ

దేవుడు తెలివిని మూడు పాళ్ళు చేసి పంచితే, ఆ మూడు పాళ్ళూ తమ ఇంటికే వచ్చాయని గుమ్మడివలస అర్జీల అన్నదమ్ములకి గట్టి నమ్మకం. పెద్దవాడు గవరయ్య, నడిపివాడు పోలినాయుడు, చిన్నవాడు పైడిరాజు. ముగ్గురూ మీసాలు నెరిసిన మనుషులే. బస్సు డిపో ఎదురుగా రేకుల షెడ్డు వేసుకుని జనానికి అర్జీలు రాసిపెట్టడం వాళ్ళ పని.

"ఇంత తెలివున్నోళ్ళం ముగ్గురం ఒకే ఈదిలో ఉండకూడదర్రా, మిగతా ఈదులకి అన్నేయం" అన్నాడోసారి గవరయ్య. తమ్ముళ్ళిద్దరూ నిజమేనని అప్పటికప్పుడు మంచాలూ, గిన్నెలూ బండికెక్కించారు. మూడు వీధులకి పోతే ఒక్క పొయ్యిని ఎలా పంచుకోవాలో తేలక, సాయంత్రానికి మళ్ళీ దింపుకున్నారు. అదీ వాళ్ళ తెలివి.

ఆ వేసవిలో మండలాఫీసుకి హైమావతి మేడం అని ఒకావిడ వచ్చి, అర్జీలు రాసేవాళ్ళందరికీ ఏఐ నేర్పింది. ఫోనులో రెండు ముక్కలు చెబితే చాలు, ఉత్తరం మొత్తం అదే రాసిపెడుతుంది. మన వాళ్ళు దానికి రాత మిషను అని పేరు పెట్టుకున్నారు. మేడం మాత్రం జాగ్రత్త గల మనిషి. "ఇది కత్తిపీట లాంటిదండీ. కూరా తరుగుతుంది, వేలూ తెగుతుంది. బాధ్యతగా వాడాలి" అని, పాటించాల్సిన నియమాలు ఒక కాగితం మీద రాసిచ్చింది. అన్నదమ్ములు ఆ కాగితానికి లామినేషన్ చేయించి, పసుపు కుంకుమ అద్ది గోడకి తగిలించారు. అంతే, జిల్లా మొత్తం మీద తమంత బాధ్యత గలవాళ్ళు లేరని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

మర్నాడు పెసరపాలెం నించి దాలమ్మ వచ్చింది.

"మా ఊరి మీదనించి రోజూ బస్సు ఎల్తాది నాయినా. ఆగదు. మా కూతురు గుంట నీలవేణి కాలేజీకి ఎల్లాలంటే మూడు కిలోమీటర్లు నడిసి కూడలికి పోవాల. వానలొస్తే దారిలో గెడ్డ పొంగుతాది. వానల్లోపు బస్సు ఆగితే సదువు, నేకపోతే ఇంటికాడ కూకో అనీసినాడు ఆళ్ళ నాన్న. డిపో మేనేజరు బాబుకి గట్టిగా ఓ అర్జీ రాసి పెట్టండి" అంది. చెప్తూ చెప్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

గవరయ్య గోడ మీది కాగితం చదివాడు. మనుషుల పేర్లూ, ఊళ్ళూ, నంబర్లూ మిషనుకి చెప్పకండి అని ఉంది అందులో. ఇంకేముంది, పోలినాయుడు ఉలిక్కిపడి ఫోను మీద తువ్వాలు కప్పాడు.

"అమ్మా, నీ పేరు దాని ముందరే సెప్పీసినావు కదే. బయటికెల్లు, అది నిన్ను సూడకూడదు" అని దాలమ్మని ఎండలోకి తోలేశాడు.

గవరయ్య తువ్వాలు కింద మూతి పెట్టి గుసగుసగా చెప్పాడు. "ఒక ఊళ్ళో ఒక ఆవిడుంది. ఒక ఆఫీసులో ఒకాయనున్నాడు. ఆయన ఒక పని సెయ్యాల. రాయి."

ఏ పనో చెప్పమని మిషను అడిగింది.

"నేను సెప్పను" అన్నాడు గవరయ్య.

ఇలా పావుగంట నడిచాక పైడిరాజు కాగితం మళ్ళీ చూసి, పని చెప్పొద్దని ఇందులో లేదన్నాడు. సరేనని బస్సు సంగతి చెప్పారు. చిటికెలో అర్జీ వచ్చింది. ఎంత తియ్యగా ఉందంటే, చదువుతుంటే పెదాలకి చీమలు పట్టేలా ఉంది. పేరుండాల్సిన చోట "ఇక్కడ మీ పేరు రాయండి" అని ఉంది. ఊరుండాల్సిన చోట "ఇక్కడ మీ ఊరి పేరు రాయండి" అని ఉంది.

"అన్నియ్యా, మన పేరు రాయమంతంది" అన్నాడు పైడిరాజు.

"మన పేరెందుకురా, మనకి బస్సు కావాలేటి? అది మనకి కాదు, సదివే ఆఫీసరుకి సెప్తంది" అన్నాడు గవరయ్య. తమ్ముళ్ళు అన్న బుర్రకి దండం పెట్టారు.

మిషను రాసింది నిజమో కాదో కనుక్కోండి అన్నది కాగితంలో తర్వాతి మాట. అర్జీలో "మా పిల్లలు ప్రతి ఉదయం వానలో తడిసి ముద్దవుతూ బస్సు కోసం నిలబడుతున్నారు" అని ఉంది. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ పెసరపాలెం వెళ్ళి చూశారు. మే నెల ఎండ మాడ్చేస్తోంది. నీలవేణీ, ఇంకో నలుగురు పిల్లలూ పొడిపొడిగా, స్పెషల్ క్లాసులకని కూడలికి బయల్దేరుతున్నారు.

"అబద్దం రాసిందిరా" అన్నాడు పోలినాయుడు.

"మరేటి సేద్దుం?"

"ఏటి సేస్తాం, నిజం సెయ్యాల."

అంతే, బోరింగు దగ్గరికి పోయి మూడు బిందెలు నింపుకొచ్చి పిల్లల నెత్తిన కుమ్మరించారు. నీలవేణి చేతిలో ఉన్న బాటనీ రికార్డు నానిపోయింది. ఆర్నెల్లు కూర్చుని వేసిన బొమ్మలన్నీ ఒకే రంగు నీళ్ళయిపోయాయి. పాపం ఆ పిల్ల ఏడ్చింది. అర్జీలో ఒక్క వాక్యం మీద గీత కొట్టేస్తే పోయేదానికి, మూడు బిందెల నీళ్ళు పోసిన బుద్ధిమంతుల్ని నేను ఇంకెక్కడా చూడలేదు. దాలమ్మ చీపురు తీసుకుని ఊరి పొలిమేర దాకా తరిమింది. పరిగెడుతూనే గవరయ్య "ఇప్పుడు మన అర్జీలో అబద్దం ముక్క నేదర్రా" అని మురిసిపోయాడు.

బయటికి పోయే ముందు ఒక మనిషి చూడాలి అని కూడా రాసిచ్చింది కదా మేడం. ఆ పని పైడిరాజుకి అప్పగించారు. అతను గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, అర్జీని ముందు వైపు చూశాడు, వెనక వైపు చూశాడు, సూర్యుడికి అడ్డంగా పెట్టి చూశాడు.

"సూసినాను. బాగా తెల్లగా ఉన్నాది" అన్నాడు.

"సదివినావా?" అని దారినపోయే టీ కొట్టు ఆయన అడిగాడు.

"సూడమన్నారు గానీ సదవమన్నేదు" అన్నాడు పైడిరాజు, ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

ఇక ఆఖరి నియమం ఒకటి మిగిలింది. మిషను సాయంతో రాశామన్న సంగతి దాచకండి. అర్జీ అడుగున ఒక ముక్క రాస్తే సరిపోయేది. మన వాళ్ళకి అది దాచినట్టే తోచింది, అడుగున రాస్తే ఎవరు చూస్తారని. ఇంకేముంది, డప్పు తెచ్చారు. సంత రోజు, నడి బజార్లో, పోలినాయుడు డప్పు వాయిస్తుంటే గవరయ్య గొంతెత్తాడు.

"ఇనండహో. పెసరపాలెం, డోర్ నంబరు మూడు బై నలభై ఒకటి, గంటేడ దాలమ్మ. ఈవిడి మొగుడు సింహాచలం కూతురి సదువు మానిపించేస్తానన్నాడు. ఈవిడి అర్జీ రాత మిషను రాసిందహో." తర్వాత ఆవిడ ఫోను నంబరు రెండుసార్లు చెప్పాడు, ఎవరికైనా రాసుకోడానికి వీలుగా.

"పేరూ ఊరూ సెప్పకూడదు కదా అన్నియ్యా" అని పైడిరాజుకి అనుమానం వచ్చింది.

"మిషనుకి సెప్పకూడదురా. మనుసులకి సెప్పొచ్చు."

ఆ మనుషుల్లో సింహాచలం కూడా ఉన్నాడు. ఎడ్లకి తాళ్ళు కొనుక్కుందామని సంతకి వచ్చాడు. పదిమందీ తన వైపు చూసి నవ్వేసరికి మొహం కందగడ్డయింది. తిన్నగా ఇంటికి పోయి, "వానల దాకా ఎందుకు, వచ్చే సోమారం బస్సు ఆగకపోతే ఆ పుస్తకాలు అటకెక్కించీ" అని పెళ్ళాంతో అనేశాడు. వానలకింకా ఉన్న రెండు వారాల గడువు కాస్తా ఐదు రోజులకి వచ్చింది.

డిపోలో అర్జీలు తీసుకునే గుమాస్తా సన్యాసిరావు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. కాగితం ఏం రాయమంటే అది రాయడమే ఉద్యోగం అనుకునే మనిషి. మన వాళ్ళు ఇచ్చిన అర్జీలో "ఇక్కడ మీ పేరు రాయండి" అని ఉంది, సన్యాసిరావు అని గుండ్రంగా రాశాడు. "ఇక్కడ మీ ఊరి పేరు రాయండి" అని ఉంది, కుమ్మరిపేట అని రాశాడు. మేనేజరు గారు వందో సంతకం పెడుతూ దాని మీదా ఒకటి పెట్టారు. శుక్రవారం నించి బస్సు కుమ్మరిపేటలో, సరిగ్గా సన్యాసిరావు గుమ్మం ముందు ఆగడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ సైకిలు తొక్కిన మనిషి, మొదటిసారి చెమట పట్టకుండా ఆఫీసుకి వచ్చాడు.

శనివారం దాలమ్మ షెడ్డులోకి వచ్చి నేల మీద కూలబడింది. తిట్టడానికి కూడా ఓపిక లేదు ఆవిడకి. సరిగ్గా అప్పుడే, తను నేర్పిన పని ఎలా సాగుతోందో చూద్దామని హైమావతి మేడం వచ్చింది. జరిగింది విని తల పట్టుకుంది.

"ఏం చెయ్యమన్నాను, ఏం చేశారండీ మీరు? ముందు ఆ ఫోను పక్కన పెట్టండి. కలం తియ్యండి. ఈవిడ ఏం చెబితే అది, ఒక్క ముక్క మార్చకుండా రాయండి" అని చెప్పి, ఇంకో ఊళ్ళో క్లాసుందని వెళ్ళిపోయింది.

గవరయ్య కలం తీశాడు. దాలమ్మకి అప్పుడొచ్చింది ఓపిక. ఆవిడ నోరు విప్పింది, ఈయన రాసుకుంటూ పోయాడు. సాయంత్రం మేనేజరు గారి బల్ల మీదికి వచ్చిన అర్జీ ఇది.

"ఏటి సెప్పమంతావు రా నన్ను. ముగ్గురికీ కలిపి బుర్ర ఉన్నాదా. మండుటెండలో నా గుంట మీద నీళ్ళు పోసినారు. నా మొగుడి పరువు సంతలో డప్పేసినారు. నాకు కావలసిన బస్సు ఎవుడి గుమ్మం కాడో ఆగింది. ఎల్లుండి సోమారం. ఆ బస్సు ఆగకపోతే నా గుంట సదువు అయిపోనాది. నాను ఏలిముద్ర ఏసి బతికినాను. అది కూడా ఏలిముద్రే ఎయ్యాలా. నోరెల్లబెట్టి సూడకు, రాయి. పెసరపాలెం, రైసుమిల్లు కాడ, పొద్దున్న ఎనిమిదికి ఆపాల. రాసినావా. మరింకేటి సూస్తన్నావు, సంతకం ఎట్టు."

మేనేజరు గారికి ఆ నెలలో రెండొందల అర్జీలు వచ్చాయి. అన్నీ ఒక్క మూసలో పోసినట్టు తియ్యగా ఉంటే, ఆయన ఒక్కటీ చివరిదాకా చదవలేదు. ఇది చదివాడు. నవ్వొచ్చింది ముందు. వేలిముద్ర దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది, వాళ్ళమ్మ గుర్తొచ్చింది కాబోలు. చివరి ముక్కలో పెట్టమన్నారు కదా అని సంతకం పెట్టేశాడు.

సోమవారం ఎనిమిదింటికి రైసుమిల్లు దగ్గర బస్సు ఆగింది. నీలవేణి ఎక్కింది. దాలమ్మ అందరి ముందూ ఏడ్చింది. సింహాచలం బస్సు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇక్కడితో ఆగితే వాళ్ళు మన అన్నదమ్ములెందుకవుతారు? "మిషను కన్నా ఈ అర్జీయే గట్టిదర్రా" అని గవరయ్య తేల్చేశాడు. అంతే, దాలమ్మ అర్జీని వంద కాపీలు తీయించి, ఎవరొచ్చినా అదే ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట పెసరపాలెం లింగన్న వచ్చాడు. అతనికి గేదె ఇన్సూరెన్సు కావాలి. చెవికున్న నంబరు బిళ్ళ కనపడేలా తీసిన గేదె ఫొటో కూడా తెచ్చాడు. మన వాళ్ళు కాపీకి ఆ ఫొటో అంటించి, పైన గేదె పేరు సుందరి అని రాసి, అర్జీలో బస్సని ఉంది కదా అని డిపోలో ఇచ్చేశారు.

సన్యాసిరావు చదివాడు. కాలేజీ పిల్ల, బస్సు కావాలి, ఫొటో జత చేశారు. ఇంకేముంది, సుందరి పేరు మీద స్టూడెంట్ పాసు రాశాడు. గ్రూపు దగ్గర ఖాళీ ఉంటే, తను చదివిన కామర్సు రాశాడు.

మర్నాడు ఎనిమిదింటికి రైసుమిల్లు దగ్గర బస్సు ఆగింది గానీ, కదల్లేదు. మెట్ల మీద గేదె ముందు కాళ్ళున్నాయి. గవరయ్యా, పోలినాయుడూ వెనకనించి తోస్తున్నారు, పైడిరాజు లోపలినించి తాడు లాగుతున్నాడు. కండక్టరు పాసులో ఫొటో చూశాడు, గేదె మొహం చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. "సరిపోయింది, కానివ్వండి" అన్నాడు.

"పాసిచ్చినాక కాలేజీకి ఎల్లకపోతే మాట మనమీదకొస్తాది, తొయ్యరా" అంటున్నాడు గవరయ్య.

నీలవేణి గడియారం చూసుకుంది. ఎనిమిదీ ఇరవై. ఆ పిల్ల లేచి వచ్చి, పాసు అడిగి తీసుకుని చదివింది.

"పెదనాన్నా, సుందరిది కామర్సు కదా. కామర్సోళ్ళకి క్లాసులు మజ్జాన్నం. రెండింటి బస్సుకి రావాల" అంది.

ముగ్గురూ నాలిక్కరుచుకున్నారు. వెంటనే గేదెని మెట్లు దింపారు. బస్సు కదిలింది. మన వాళ్ళు మాత్రం ఇంటికి పోలేదు. రెండింటి దాకా ఆ ఎండలోనే గేదెని పట్టుకుని నిలబడ్డారు. క్లాసుకి వట్టి చేతులతో పంపడం బాధ్యత గల పని కాదని, నోటుబుక్కూ పెన్నూ కొనుక్కురమ్మని గవరయ్య మధ్యలో పైడిరాజుని కొట్టుకి పంపాడు.