మోచేతి లోతు నీళ్ళు

అనగా అనగా, ఉప్పుగాలి తప్ప వేరే గాలి ఎరుగని ఒక సముద్రతీరం. ఆ తీరం వెంట, వీపున మూట కట్టుకుని, దేశం చూడ్డానికి బయలుదేరాడు వసుకీర్తి అనే యువకుడు. రాజధానిలో పుట్టినవాడు, నాలుగు శాస్త్రాలు చదివినవాడు. చదివితే చదివాడు గానీ, బుద్ధి మాత్రం ఇంట్లోనే మరిచిపోయి వచ్చాడు. ముందే చెబుతున్నాను పిల్లలూ, ఈ కథ చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మండితే మండనీ, చెప్పక తప్పదు.

మొదటి రోజు ఆకలితో సోలిపోతుంటే, వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకడు పిలిచి గంజి పోశాడు, కాల్చిన ఎండుచేప పెట్టాడు. వసుకీర్తి తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, వెళ్ళిపోయాడు. రెండో రోజు కాళ్ళు బొబ్బలెక్కి కూలబడితే, ఉప్పుమడిలో పనిచేసే ఆవిడ ఆముదం రాసి తన పాకలో పడుకోబెట్టింది. లేచాడు, వెళ్ళిపోయాడు. వాళ్ళ పేర్లయినా అడిగాడా? అడగలేదు!

మూడో రోజు దాహం. నాలుక పిడచకట్టింది. ఎదురుగా అంత సముద్రం, గుక్కెడు తాగడానికి లేదు. అప్పుడు ఎదురుపడింది అసిరమ్మ. ఆ పక్కనున్న జాలరిపల్లెలో అందరికన్నా పెద్దావిడ. అతని వాలకం చూసి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, చెయ్యి పట్టుకుని ఇసుకదిబ్బ వెనక్కి తీసుకెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఇసుక తోడింది. మోచెయ్యి మునిగేంత లోతుకి గుంటలో నీళ్ళు ఊరాయి. కొబ్బరిచిప్పతో ముంచి ఇచ్చింది. అబ్బ, ఎంత తియ్యటి నీళ్ళు!

"దీన్ని చెలమ అంటాం బాబూ," అంది అసిరమ్మ. "వాన నీళ్ళే, ఇసకలో దాగుంటాయి. మా ముప్పై గడపలకీ ఇదే ఆధారం. మోచేతి లోతు దాటి తవ్వకూడదు. పైన తీపి, కింద ఉప్పు. లోతుకి పోయావా, ఉప్పు లేచి తీపిని మింగేస్తాది."

"ఓహో," అన్నాడు వసుకీర్తి. కడుపు నిండా తాగాడు. చెవులు మాత్రం మూసుకున్నాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నేరుగా రాజుగారి దగ్గరికి పోయాడు. "మహారాజా! సముద్రపు ఒడ్డున తియ్యటి నీళ్ళు కనిపెట్టాను. అక్కడి మూర్ఖులు కొబ్బరిచిప్పలతో తోడుకుంటున్నారు. పెద్ద బావి తవ్విస్తే పరదేశపు ఓడలన్నీ నీళ్ళ కోసం మన తీరానికే వస్తాయి" అన్నాడు.

కనిపెట్టాడట! చూపించిన ముసలమ్మ ఊసే లేదు. రాజుగారు సంబరపడిపోయి, వందమంది పనివాళ్ళనిచ్చి, అతన్నే తీరాధికారిని చేశారు.

పారలు పట్టుకుని మనుషులు దిబ్బ వెనక దిగేసరికి అసిరమ్మ పరుగున వచ్చింది. "వద్దు బాబూ, నా మాట విను" అని బతిమాలింది. ఆ రోజు నడుములోతు తవ్వారు. నీళ్ళు జలజలా ఊరాయి, తియ్యగానే ఉన్నాయి. "చూశావా ముసలీ! నీ ఉప్పేదీ?" అని అందరి ముందూ నవ్వాడు వసుకీర్తి. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు!

రెండో రోజు, ఇసుక జారకుండా చుట్టూ తాటిమొద్దులు పాతి, నిలువులోతు తవ్వారు. నీళ్ళు చప్పబడ్డాయి. అసిరమ్మ మళ్ళీ వచ్చింది. "ముప్పై గడపల గొంతు కొయ్యకు నాయనా" అంది.

"కొత్త నీళ్ళు. రేపటికి అవే తేరుకుంటాయి, పో" అన్నాడు.

మూడో రోజు రెండు నిలువుల లోతు తవ్వించి, ఏతాం బిగించి, పొద్దస్తమానం పీపాలు నింపించాడు. అసిరమ్మ బావి అంచున అడ్డంగా కూర్చుంది. భటుల చేత ఆమెను రెక్క పట్టుకుని అవతలికి ఈడ్పించాడు. డెబ్భై ఏళ్ళ మనిషిని! తనకు నీళ్ళిచ్చి బతికించిన మనిషిని! వీడికి మనసెలా ఒప్పిందో నాకిప్పటికీ అర్థం కాదు.

సాయంత్రానికి బావి నీళ్ళు కటిక ఉప్పు. బావిలోనే కాదు, చుట్టూ ఉన్న ప్రతి చెలమలోనూ ఉప్పే. పల్లెలో చంటిపిల్లలు నీళ్ళు నోట్లో పోస్తే ఉమ్మేసి ఏడ్చారు. ఆడవాళ్ళు కడవలెత్తుకుని రెండు క్రోసుల దూరం నడిచారు.

మర్నాడు రాజుగారు బావి చూడ్డానికి వచ్చారు. ఒక గుక్క తాగి తుపుక్కున ఉమ్మేశారు. అప్పుడు వసుకీర్తి ఏమన్నాడో తెలుసా? "ఈ ముసలిదే మహారాజా! కడుపుమంటతో ఉప్పు గుమ్మరించింది!"

అసిరమ్మ కళ్ళు నిప్పులయ్యాయి. "సరే దొరా, బావిలో నేనే పోశాననుకో. మా చెలమల్లో కూడా నేనే పోసుకుంటానా? నా మనవరాలు తాగే నీళ్ళలో పోస్తానా?"

పనివాళ్ళ మేస్త్రి తల వంచుకుని ముందుకొచ్చాడు. "ఈవిడ మూడు రోజులూ వచ్చి చెప్పింది ప్రభూ. అధికారిగారే వినలేదు" అన్నాడు.

రాజుగారి మొహం వాడిపోయింది. "అమ్మా, ఈ నీళ్ళు మళ్ళీ తియ్యగా అవుతాయా?" అని అడిగారు.

"బావి పూడ్చేస్తే, మూడు వానాకాలాలకి."

"అందాకా మీరేం తాగుతారు?"

"ఆ మాట తవ్వకముందు అడగాలి దొరా!" అని అరిచింది అసిరమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు బిగుసుకుపోయారు. రాజుగారు మాత్రం అక్కడికక్కడే బావి పూడ్చమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమో ఆయనకూ తెలిసింది.

బావి పూడ్చారు. వసుకీర్తి అధికారం ఊడింది. రాజాజ్ఞ ప్రకారం, మూడు వానాకాలాలు గడిచేదాకా రోజూ రెండు క్రోసుల అవతల నుంచి కావిడితో ఆ పల్లెకు నీళ్ళు మోశాడు. భుజాలు కాయలు కాచాయి. చివరికి చెలమల్లో నీళ్ళు మళ్ళీ తియ్యనయ్యాయి. ఆ రోజు అసిరమ్మ అతనికీ ఒక చిప్పెడు నీళ్ళిచ్చింది. క్షమించానని మాత్రం అనలేదు. ఎందుకనాలి?

ఆ తీరంలో ఇప్పటికీ దాహమని వచ్చిన బాటసారిని కాదనరు. కూర్చోబెట్టి, నీళ్ళు తెచ్చి ఇస్తారు. కానీ ఎవరినీ చెయ్యి పట్టుకుని దిబ్బ వెనక్కి తీసుకెళ్ళరు. ఎక్కణ్ణుంచి తెచ్చారమ్మా అని ఎంత మంచివాడు అడిగినా మాట మార్చేస్తారు.

ఒక్కడు తనకు చేసిన మేలు మరిస్తే, వాడి వెనక వచ్చే వందమందికీ నమ్మకం తలుపు మూసుకుపోతుంది.