మంచిరోజు కోసం ఆగిన కారు

అనగనగా అనకాపల్లికి అవతల ఒక ఊళ్ళో ఒక తెల్లకారు ఉండేది. కొన్నప్పుడు తెల్లకారే. మన కథ మొదలయ్యే వేళకి మాత్రం పాత పంచె రంగుకి వచ్చేసింది. ఆ కారు దాలినాయుడిది. ఆయన బెల్లం వ్యాపారం చేసేవాడు. ఆయన భార్య పేరు పైడమ్మ.

ఆ వీధిలోకి వచ్చిన మొట్టమొదటి కారు అదేనట. అందుకే దాలినాయుడికి అదంటే ప్రాణం. పొద్దున్నే తలుపు తీసి ముందు దాని మొహం చూసేవాడు, ఆ తర్వాతే పైడమ్మ మొహం. వీధిలో ఎవరింట పెళ్ళైనా కొత్త దంపతులు ఊరేగేది ఆ కారులోనే. ఎవరింట బిడ్డ పుట్టినా ఆసుపత్రి నుంచి వచ్చేది ఆ కారులోనే.

అలాంటి కారుకి ముసలితనం వచ్చిపడింది. పొద్దున్న లేవాలంటే ఒకటే దగ్గు. ఎండలో కాస్త దూరం వెళ్తే చాలు, ముక్కులోంచి ఆవిర్లు. వానొస్తే లోపల కూర్చున్నవాళ్ళు కూడా గొడుగు వేసుకోవాల్సిందే. నవ్వకు, నిజంగానే.

ఇక పైడమ్మకి ఒక్కతే అక్క. పేరు బంగారమ్మ. పాడేరు కొండల్లో, ఘాటు రోడ్డెక్కి వెళ్తే వచ్చే చిన్న ఊళ్ళో ఉండేది. పిల్లల్లేరు, మొగుడు పోయాడు, ఇంటి వెనక కాస్త పసుపు తోట ఉంది. చిన్నప్పుడే అమ్మ పోతే పైడమ్మని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. ఇప్పుడు ఆ అక్కకి మోకాళ్ళు పట్టేశాయి. పాపం, బస్సు మెట్టు ఎక్కలేదు.

అప్పుడు పైడమ్మ మొగుడితో అంది. "ఏటండీ, ఈ వానాకాలం అక్కని మనింటికి తెచ్చేసుకుందాం. ఈ కారు కొండెక్కలేదు. దీన్ని ఇచ్చేసి కొత్తది కొందాం."

దాలినాయుడు కాదనలేదు. ఔననడానికీ మనసు రాలేదు. పాత కారు ఇచ్చేస్తే దాన్ని ముక్కలు చేసి ఇనుము కింద అమ్మేస్తారని ఎవరో ఆయన చెవిన వేశారు. అది తలుచుకుంటే ఆయనకి అన్నం సయించేది కాదు. ఆ మాట పెళ్ళాంతో చెప్పుకోవచ్చు కదా? సిగ్గు. ఇంత మీసం పెట్టుకుని ఇనుము కోసం దిగులు పడుతున్నానంటే నవ్వుతుందని. అందుకని గోడకున్న పంచాంగం తీశాడు.

"ఆషాఢం వచ్చేసింది కదే. ఆషాఢంలో ఎవరైనా బండి కొంటారా? శ్రావణంలో చూద్దాం," అన్నాడు.

నిజమే, మనవాళ్ళు కొనరు. పైడమ్మ సరేనంది. శ్రావణంలో కొత్త కారులో వస్తామని అక్కకి ఫోను చేసి చెప్పింది. "అలాగే తల్లీ, మరిదిగారిని తొందర పెట్టకు," అంది బంగారమ్మ.

ఆ తర్వాత శ్రావణం వచ్చింది. మొగుడూ పెళ్ళాం కార్లమ్మే చోటికి వెళ్ళారు కూడా. పైడమ్మ ఒక కొత్త కారులో వెనక సీటు ఎక్కి కూర్చుని, పక్కన అక్క కాళ్ళు చాపుకోవడానికి చోటుందో లేదో చేత్తో కొలిచి చూసుకుంది. అంతా కుదిరింది. ఇంటికొచ్చేసరికి వాకిట్లో పాత కారు వానలో తడుస్తూ కనిపించింది. దాలినాయుడి ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ పంచాంగం తీశాడు.

"మూఢం వచ్చిందే. శుక్రుడు కనపడకుండా పోయాడు. మూఢంలో కొన్న బండి మూలన పడుతుందంటారు," అన్నాడు.

ఆ మాట ఏ తాత చెప్పాడో నాకైతే తెలీదు. మంచిరోజు వెతుక్కునేవాడికి ఎప్పుడో ఒకప్పుడు మంచిరోజు దొరుకుతుంది. చెడ్డరోజు వెతుక్కునేవాడికి ఏడాది పొడుగునా దొరుకుతూనే ఉంటుంది. పైడమ్మ మళ్ళీ అక్కకి ఫోను చేసింది. "పోనీలే తల్లీ, మూఢం వెళ్ళాకే రండి," అంది అక్క.

ఆ తర్వాత మూఢం వెళ్ళింది, మహాలయ పక్షాలు వచ్చాయి. అవి పోయిన పెద్దలకి పెట్టుకునే రోజులు, కొత్త వస్తువు ఇంటికి తేరు. ఈసారి పైడమ్మ ఊరుకోలేదు. పోనీ అద్దె కారు మాట్లాడదామంది. ఇంటి ముందు సొంత కారు పెట్టుకుని అద్దె కారెక్కితే వీధంతా నవ్వుతుందన్నాడు. పోనీ నేనొక్కదాన్నే బస్సులో వెళ్ళి చూసొస్తానంది. రేపో మాపో కారు కొనబోతూ బస్సేమిటన్నాడు. "దసరాకి ఖాయం. ఇంతకాలం ఆగావు, ఈ కాస్త ఆగలేవా?" అన్నాడు. పైడమ్మ ఆగింది.

ఆ పక్షాల్లోనే ఒక పొద్దున్న కొండ మీంచి ఫోనొచ్చింది. చేసింది బంగారమ్మ పక్కింటి కొండమ్మ. బంగారమ్మకి జ్వరం బాగా ముదిరిపోయిందట, చెల్లెల్ని చూడాలని కలవరిస్తోందట.

అప్పుడు దాలినాయుడు పంచాంగం చూడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పాత కారు తీశాడు. కారు ఎలాగో ఘాటు రోడ్డు చేరింది. మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపులో ఆవిర్లు కక్కుతూ ఎక్కింది. మూడో మలుపులో ఆగిపోయింది. ముసలిది, అది మాత్రం ఏం చేస్తుంది. వాగులోంచి నీళ్ళు తెచ్చి పోశాడు, బతిమాలాడు, వెనక్కి వెళ్ళి ఒంటరిగా నెట్టాడు. అది కదల్లేదు. అటుగా వచ్చిన సంత జీపువాడు జాలిపడి ఇద్దరినీ ఎక్కించుకున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. బంగారమ్మ అప్పటికే దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది. పైడమ్మ అక్క మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. మొగుణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది అనుకున్నాడు దాలినాయుడు.

ఆ తర్వాత పాత కారుకి తాడు కట్టి కొండ దించారు. కొనుక్కునేవాళ్ళు వచ్చి అలాగే లాక్కుపోయారు. ఏ ఇనుము కోసం అన్నాళ్ళు సాకులు వెతికాడో, ఆ ఇనుము వెళ్ళిపోతుంటే దాలినాయుడు గుమ్మంలోకి కూడా రాలేదు.

అప్పుడు దసరా వచ్చింది. తిథి మంచిది, వారం మంచిది, నక్షత్రం మంచిది. కొత్త కారు వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. పైడమ్మ హారతిచ్చింది, కానీ కారెక్కుదామని అడగలేదు. అక్క ఇంటికి తాళం వేసి రావాలి కాబట్టి ఎక్కింది.

కొత్త కారు కొండని పిల్లి గోడెక్కినట్టు ఎక్కేసింది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపు ఎప్పుడు దాటిందో తెలీనే లేదు. ఇంతలోకే అక్క ఊరు కనిపించింది.

"ఇంత దగ్గరేటండీ," అంది పైడమ్మ, కిటికీలోంచి చూస్తూ.

దాలినాయుడు కారుని ఊళ్ళోకి తిప్పాడు. ఆ ఊరి సందు చాలా ఇరుకు. లోపలికైతే వచ్చాం, కారు వెనక్కి ఎలా తిప్పాలిరా అనుకుంటూ బంగారమ్మ వాకిట్లోకి పోనిచ్చాడు. చూస్తే వాకిలి కళ్ళంలా ఖాళీగా ఉంది. ఆవేళ జనంలో గమనించలేదు గానీ, ఆ వాకిట్లో ఎప్పుడూ పెద్ద మల్లెపందిరి ఉండాలి. పెళ్ళై వచ్చినప్పుడు బంగారమ్మ చేత్తో నాటుకున్న మల్లె అది.

"పందిరేదమ్మా?" అని కొండమ్మని అడిగింది పైడమ్మ.

"పీకించేసింది," అంది కొండమ్మ. "ఆషాఢంలోనే. మా మరిది కొత్త కారు తెస్తాడు, తిప్పుకోడానికి చోటుండాల కదే అంది. నడవలేకపోయినా కూర్చుని కూర్చుని జరుగుతా రోజూ రాళ్ళేరేది."

పైడమ్మ గడప మీద కూలబడిపోయింది. దాలినాయుడు ఏం చెయ్యాలో తెలీక కారులోకి వెళ్ళి కూర్చున్నాడు. చక్రం తిప్పాడు. కారు ఒక్క తిప్పుకే తిరిగిపోయింది. ఎక్కడా గీసుకోలేదు, ఎక్కడా ఆగలేదు. ఇంకో కారు తిరిగేటంత చోటు ఇంకా మిగిలే ఉంది. అది చూసి ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అంతే నాన్నా.

కారు కొండ దిగింది,
కథ కంచికెళ్ళింది,
దీపం కొండెక్కింది,
నిద్ర నీ కళ్ళకొచ్చింది.