గుహలోంచి వచ్చిన గొంతు

మన ముత్తవ్వల ముత్తవ్వలు కూడా పుట్టని రోజుల్లో, ఒక కొండ కింద సరస్సు ఉండేదట. ఏటా దూరదేశపు కొంగలు అక్కడికి వచ్చి గుడ్లు పెట్టేవి. ఒక ఏడు ధవళ అనే కొంగ మొదటిసారి గుడ్లు పెట్టింది. ఒడ్డున చెట్టుమీది గూట్లో మూడు గుడ్లు.

ఆ కొండగుహలో ఘోషకుడనే నక్క ఉండేది. అది లోపలినుంచి ఒక్క మాట అరిస్తే కొండంతా పదిసార్లు పలికేది. ముఖం కనపడదు, గొంతే వినపడుతుంది. తక్కిన నక్కలు ఏమిటో ఎందుకో చూడకుండానే ఊళ అందుకునేవి. విన్న జంతువులు మెచ్చి గుహ ముందు మాంసం పెట్టిపోయేవి.

మొదటిరోజు నక్క అరిచింది: "పరాయి కొంగలు మన చేపలన్నీ మింగేస్తున్నాయి!" మర్నాటికల్లా పక్కకొమ్మ ఉడుత ధవళను పలకరించడం మానేసింది.

రెండోరోజు అరిచింది: "కొంగల రెట్టతో నీళ్ళు విషమైపోయాయి!" ఆ సాయంత్రం అడవిపంది వచ్చి చెట్టును కుమ్మింది. ఒక గుడ్డు జారి పగిలింది.

మూడోరోజు అరిచింది: "జింకపిల్లను పొడిచి చంపింది కొంగలే! రేపు పొద్దున గూళ్ళన్నీ కూల్చేద్దాం!" కూల్చేద్దాం, కూల్చేద్దాం అని కొండ పలికింది.

ధవళ ఆ అడవినేలే ఎలుగుబంటి రాజు దగ్గరికి ఎగిరి వెళ్ళింది.

"భయపడకు తల్లీ, దాని నోరు కుట్టించేస్తాను" అన్నాడు రాజు.

"వద్దు ప్రభూ! ఆ సూది రేపు నా నోటిదాకా వస్తుంది. పూర్వం ఇక్కడొక కట్టుబాటు ఉండేదట. పదిమందికి వినపడేలా మాట అన్నవాడు, పదిమందిలో నిలబడి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలని. అదొక్కటి నిలబెట్టండి."

తెల్లవారగానే రాజు నక్కను ఒడ్డుకు రప్పించాడు. వెలుగులో చూస్తే బక్కనక్క.

"నా నోరు నొక్కేస్తున్నారు!" అని అది గోలపెట్టింది.

"ఎవరు నొక్కారు నాయనా? ఇంకా మాట్లాడమనేగా అంటున్నాం!" అన్నాడు రాజు.

గూళ్ళు కూల్చడానికి వచ్చిన జంతువులన్నీ చుట్టూ మూగాయి, ముందు పందుల కోరలు. అయినా ధవళ ముందుకొచ్చి అడిగింది.

"చచ్చిపోయిన జింకపిల్ల ఎవరి బిడ్డ?"

"అందరికీ తెలిసిందే!"

జింకలు తమ పిల్లల్ని దగ్గరికి పిలుచుకుని చూసుకున్నాయి. ఒక్కటీ తగ్గలేదు.

"ఎక్కడ చచ్చింది?"

"అనుకుంటున్నారు, నేను చెప్పానంతే!"

"నువ్వు కళ్ళారా చూశావా, నక్కమామా?"

"ఏదో సందేహం కొద్దీ అన్నాను. సందేహపడటం కూడా తప్పేనా?" అంది నక్క. ఈసారి ఏ నక్కా ఊళ అందుకోలేదు.

అడవిపంది తల దించుకుని, "అమ్మా, అంతమంది అంటుంటే నిజమే అనుకున్నాను" అంది. పగిలిన గుడ్డు ఇక అతకదు. ధవళ ఎగిరి వెళ్ళి, మిగిలిన రెండింటి మీద రెక్కలు పరిచి కూర్చుంది.

కాబట్టి పిల్లలూ, దేవుడిచ్చిన నోటితో మాట్లాడే హక్కు అందరిదీ. ఎదుట నిలబడి జవాబు చెప్పలేని మాట మనం అనకూడదు, అడిగి తెలుసుకోని మాట మనం నమ్మకూడదు.