స్వేచ్ఛాపురం చేసిన ఒకే ఒక తీర్మానం

వేలాపురం రాజు ఉదయకేతుడికి ఒకరోజు భోజనం కాగానే రాజ్యం మీద విసుగు పుట్టింది. పొద్దున్నుంచి నలభై ఏడు ఫిర్యాదులు విన్నాడు. వాటిలో పదమూడు ఒకే మేక గురించి.

“రాజే లేని ఊరు ఒకటి ఉంటే ఎంత హాయి,” అన్నాడు సభలో. “అక్కణ్ణుంచి నా దగ్గరికి ఎవరూ రారు.”

ఆస్థాన పండితుడు నిరంజన భట్టు వెంటనే లేచాడు. ప్రధానమంత్రి పదవి మీద ఆయనకు చాలాకాలంగా కన్నుంది. నేల మీద అలాంటి ఊరు కుదరదనీ, సముద్రం మీదైతే ఏ రాజు హద్దూ ఉండదనీ చెప్పాడు. వందల దుంగలు కలిపి పెద్ద తెప్ప కట్టి, దాని మీద ఇళ్లు వేసి, నడిసముద్రంలోకి వదిలేస్తే సరి. అక్కడ రాజు ఉండడు, అధికారి ఉండడు. ఏ పని చెయ్యాలన్నా అందరూ ఒప్పుకోవాలి, అదొక్కటే చట్టం. ఊరికి పేరు కూడా ఆలోచించి ఉంచాడు, స్వేచ్ఛాపురం.

రాజు మురిసిపోయి చట్టం మీద ముద్ర వేశాడు. తన ఆజ్ఞ కూడా ఆ ఊళ్లో చెల్లదని స్వయంగా రాశాడు.

మూడు నెలల్లో స్వేచ్ఛాపురం తయారై రేవులో తేలింది. ఇక మనుషులు కావాలి. రేవు పక్కనున్న నలభై బెస్త కుటుంబాలు అమావాస్యకల్లా పిల్లాపాపలతో ఎక్కాలనీ, స్వేచ్ఛగా బతకడానికి ఒప్పుకోనివాళ్లకు ఇరవై కొరడా దెబ్బలనీ దండోరా వేయించారు.

ఆ నలభై కుటుంబాల్లో రాజుగారి విహార నౌక నడిపే తండేలు దానయ్య కూతురి కుటుంబం కూడా ఉంది. ఆమె బిడ్డకు ఎనిమిది నెలలు, అప్పుడప్పుడే పాకుతోంది. దానయ్య ఆ తేలే ఊరిని ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచి చూసి, సభకు వచ్చాడు.

“అయ్యగారూ, ఊరు దివ్యంగా ఉంది. అంచున కంచె లేదేం? పసిపిల్లలు పాకుతారు కదా.”

భట్టు నవ్వాడు. “ఓరి వెర్రి తండేలా, స్వేచ్ఛాపురంలో ఎవరూ పడరు. పడాలన్నా అందరూ ఒప్పుకోవాలి.”

సభ తలాడించింది.  కాదంటే కూతురికి కొరడా, సరేనంటే మనవరాలు నీళ్లపాలు. దానయ్య చేతులు కట్టుకుని మనవి చేసుకున్నాడు. తాము మోటు మనుషులమనీ, పుట్టినప్పటి నుంచి ఎవరో ఒకరి మాట వినడం అలవాటైపోయిందనీ, ఎవరి మాటా వినకుండా ఎలా బతకాలో తెలియదనీ అన్నాడు. అయ్యగారు తోటి పండితులతో మూడు రోజులు రేవులోనే ఉండి చూపిస్తే నేర్చుకుంటామన్నాడు.

భట్టుకు అంతకంటే ఏం కావాలి? ఇరవై ఎనిమిది మంది పండితులనూ, బియ్యం బస్తాలనూ, ఊరగాయ జాడీలనూ వెంటబెట్టుకుని ఎక్కాడు. రాజు ఒడ్డున గొడుగు పట్టించుకుని కూర్చున్నాడు.

మొదటి రోజు పొయ్యి ఏ దిక్కుకు పెట్టాలన్న చర్చతో గడిచింది. అందరూ అటుకులు నమిలారు.

రెండో రోజు ఎండ కాసింది. ఎవరికి ఇష్టమైన చోట వాళ్లు కూర్చోవచ్చు కనుక అందరూ నీడ ఉన్న వైపే కూర్చున్నారు. ఊరు మెల్లగా ఒరిగింది. పాదాల మీదికి నీళ్లొచ్చాయి. కొందరు అవతలి వైపుకు వెళ్తే బాగుండునని ఎవరికి వారే అనుకున్నారు, ఎవరు వెళ్లాలన్నది మాత్రం తేలలేదు. తేల్చడానికి ఐదుగురు తమంతట తామే సంఘంగా ఏర్పడ్డారు. సంఘం కూడా నీడలోనే కూర్చుంది. పోనీ నీళ్లు తోడదామంటే, నీళ్లు ఊళ్లోకి వచ్చాయా, ఊరే నీళ్లలోకి వెళ్లిందా అని ఒక తర్కపండితుడు సందేహం లేవదీశాడు. ఆయన ఒప్పుకోలేదు కనుక ఎవరూ చెంబు ముట్టలేదు.

మూడో రోజుకు నీళ్లు నడుముల దాకా వచ్చాయి. ఆవకాయ జాడీలో ఒక చేప తిరుగుతోంది. భట్టు పీట మీదికెక్కి, సగం మందిని అటు జరగమని ఆజ్ఞాపించాలని ఒడ్డున ఉన్న రాజును వేడుకున్నాడు.

రాజు లేవబోయాడు. దానయ్య అడ్డొచ్చి దండం పెట్టాడు.

“ఆగండి ప్రభూ. ఆ ఊళ్లో తమ ఆజ్ఞ చెల్లదు. కావాలంటే మనవి పంపుకుందాం. వాళ్లందరూ కూర్చుని ఆలోచిస్తారు.”

రాజు మళ్లీ కూర్చున్నాడు. రాసింది తనే కదా.

“పోనీ నువ్వైనా చెప్పు, దానయ్య నాయనా,” అంది భట్టు గొంతు.

“నేను పరాయి ఊరివాణ్ణి అయ్యగారూ. నా మాట వింటామని మీరందరూ ఒప్పుకుంటే చెప్తాను. ఒక్కరు కాదన్నా చట్టం కుదరనివ్వదు.”

ఇరవై తొమ్మిది మంది ఒక్కసారిగా చేతులెత్తారు. తర్కపండితుడు రెండూ ఎత్తాడు.

దానయ్య అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని, పద్నాలుగు మందిని తూర్పు వైపుకు జరగమని కేకేశాడు. జరిగారు. ఊరు మళ్లీ సమంగా తేలింది. అప్పుడు అతను రాజు వైపు తిరిగాడు.

“ప్రభూ, ఊరంతా ఒక్క మాట మీదికి రావడం ఇదే మొదలు. ఆ మాట, మాకొక పెద్ద కావాలని.”

రాజు పగలబడి నవ్వాడు. గొడుగు పట్టినవాడు కూడా నవ్వడంతో గొడుగు రాజు నెత్తిన పడింది. దాని కింద నుంచే రాజు అడిగాడు, “అయితే సముద్రం మీద జనం తమను తాము ఏలుకోవడం ఎప్పటికీ కుదరదంటావా?”

“రోజూ కుదురుతూనే ఉంది ప్రభూ. మా పడవకు తండేలును మేమే ఎంచుకుంటాం. నీళ్ల మీద ఉన్నంతసేపూ వాడి మాట వింటాం. ఒడ్డుకు రాగానే వాడి తప్పులన్నీ చెప్పి మొహం మీదే తిడతాం. వాడు తల వంచుకుని వినాలి. అందుకని సాయంత్రానికి ఒడ్డుకు రావడం తప్పనిసరి.”

రాజు కళ్లు తుడుచుకుని, చేతి కడియం తీసి దానయ్యకు తొడిగి, ఇంకేం కావాలో అడగమన్నాడు.

“ఆ దండోరా వెనక్కి తీసుకోండి ప్రభూ. నా మనవరాలు ఎవరి మాటా వినదు, ఆ ఊరికి సరిగ్గా సరిపోయే మనిషే. కానీ అది మాక్కావాలి.”

దండోరా వేసినవాణ్ణి అప్పటికప్పుడు డప్పుతో సహా పిలిపించారు.