తలమోపు మీద ఆశీలు

గవరయ్య గారి దగ్గర తర్కం చదువుకోవడానికి వచ్చేవాళ్ళకి ఒక సంగతి త్వరగానే తెలిసిపోయేది. ఇద్దరిలో ఎవరిది ఒప్పని అడిగితే ఆయన తీర్పు చెప్పరు. తాను చూసినదేదో చెప్పి ఊరుకుంటారు. అది తెలిసి కూడా, కాలేజీలో పాఠాలు చెప్పే ఉమాపతి ఎన్నికల రోజుల్లో ఒక సాయంత్రం ఆయన్ని అడగనే అడిగాడు.

"గురువుగారూ, ఒక నాయకుడు లేనివాడి మీద పన్ను తీసేసి ఉన్నవాడి మీద వేస్తానంటున్నాడు. రెండో ఆయన అందరూ తలా కొంచెం కడితేనే అందరికీ వసతులొస్తాయంటున్నాడు. పదిహేను రోజుల్నుంచీ ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను, తేలడం లేదు. ఎవరిది న్యాయం?"

"గెడ్డవలస సంతలోనూ ఇదే తగువు వచ్చింది" అన్నారు గవరయ్య గారు. వయసులో ఉండగా ఆయన ఆ ఊరి పంచాయతీ గుమాస్తా. సంతలోకి వచ్చే సరుకు మీద పంచాయతీ వసూలు చేసే పన్నుని ఆశీలు అంటారు. గేటు దగ్గర కూర్చుని ఆ రసీదులు రాయడం ఆయన పని. అప్పటి ముచ్చటే ఆయన చెప్పింది.

మేదర పైడమ్మ మంగళవారం మంగళవారం ఆరు మైళ్ళు నడిచి గంపలూ చేటలూ నెత్తిన పెట్టుకుని సంతకొచ్చేది. మొగుడు పోయాడు. వెదురు చీల్చడం దగ్గర్నుంచి అమ్ముకోవడం దాకా అన్నీ ఆవిడే. తలమోపుకి పావలా, బండికి రెండు రూపాయలు ఆశీలు. బోణీ అయినా కాకపోయినా గేటు దగ్గర పావలా పెట్టాల్సిందే.

పంచాయతీ ఎన్నికలొచ్చాయి. తవిటినాయుడు, సన్యాసిరావు పోటీ. తలమోపు మీద ఆశీలు తీసేసి, బండికి పది రూపాయలు చేస్తానన్నాడు నాయుడు. మోపుకింత అని అందరూ ఒకే లెక్కన కట్టండి, ఆ డబ్బుతో సిమెంటు షెడ్డు కట్టించి, కుళాయి పెట్టిస్తానన్నాడు సన్యాసిరావు. పైడమ్మ రెండు సభలకీ వెళ్ళింది, శ్రద్ధగా వింది. నాయుడి సభలో లేచి నిలబడి అడిగింది కూడా.

"బండికి పది రూపాయలైతే ఆ బండి షావుకారు ఊరుకుంటాడేటి బాబూ?"

"నీ కోసమే కదమ్మా ఇదంతా" అని నాయుడు నవ్వాడు. జనం చప్పట్లు కొట్టారు. పైడమ్మ ఓటు ఆయనకే వేసింది.

నాయుడు గెలిచాడు, అన్నంత పనీ చేశాడు. మొదటి మంగళవారం పైడమ్మ గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగింది. ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని చూసింది. ఎవరూ పిలవలేదు. ఆ పావలాతో బెల్లం కొనుక్కుని, ఇంటికి వెళ్తూ దారి పొడుగునా చప్పరిస్తూనే ఉంది.

నెల తిరక్కుండా షావుకార్ల బండ్లు గేటు దాకా రావడం మానేశాయి. కాలవ అవతలే ఆగేవి. అక్కడ సరుకు దించి, కూలీల నెత్తిన పెట్టి లోపలికి పంపేవారు. తలమోపుకి ఆశీలు లేదు కదా! ఆ బస్తాల్లో పట్నం నుంచి వచ్చిన ప్లాస్టిక్ టబ్బులుండేవి. పైడమ్మ కూర్చునే చోటే వాటిని గుట్టలు పోశారు. వానలు మొదలయ్యేసరికి గంప కావాలని అడిగేవాళ్ళే లేకపోయారు. ఆవిడ రెండు వారాలు సరుకు తిరిగి మోసుకెళ్ళింది. మూడో వారం టబ్బుల షావుకారు దగ్గరికి వెళ్ళి నిలబడింది. బస్తాకి అర్ధరూపాయి కూలి ఇస్తానన్నాడు. గంపల మోపు బరువుండదు. బస్తా అలా కాదు.

పంచాయతీకి రాబడి పడిపోయింది. వీధిదీపాలు ఆరిపోయాయి, ఊడ్చేవాళ్ళకి జీతాల్లేవు. మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు సన్యాసిరావు సంత మధ్యలో మైకు పెట్టి మాట్లాడుతున్నాడు. బస్తా ఎత్తుకుని అటుగా పోతున్న పైడమ్మని వేలెత్తి చూపించాడు.

"పన్ను ఎగ్గొట్టేది ఎవరో కళ్ళారా చూడండి!"

జనమంతా అటు తిరిగారు. "ఈ సరుకు నాది కాదు బాబూ" అంది పైడమ్మ. మైకు హోరులో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

సన్యాసిరావూ గెలిచాడు. ఆయనా మాట తప్పలేదు. షెడ్డు లేచింది, కుళాయిలో నీళ్ళొచ్చాయి. షెడ్డులో చోట్లకి వేలం పెడితే షావుకార్లు పాడుకున్నారు. లోపల ఇరుకవుతుందని బండ్లని గేటు బయటే ఆపేశారు. ఇక ప్రతి బస్తా ఎవరో ఒకరి నెత్తినే లోపలికి వెళ్ళాలి. మోపుకి పావలా, ఎవరికైనా ఒకటే. ఎవరి నెత్తిన ఉంటే వాళ్ళే కట్టాలి.

ఆ మంగళవారం పైడమ్మ బస్తాతో గేటు దగ్గరికి వచ్చింది. గవరయ్య ఆశీలు అడిగాడు. ఆవిడ వెనకే వస్తున్న షావుకారు వైపు చూసింది. "గేటులో నిన్నడిగారు, నన్నడగలేదు కదా" అన్నాడు షావుకారు.

"ఇందులో నాదేటుంది బాబూ?" అంది గవరయ్యతో. "మోత ఒక్కటే నాది."

"రూలు అలా ఉంది పైడమ్మా" అన్నాడు గవరయ్య.

బస్తా దించితే మళ్ళీ ఎత్తేవాళ్ళు లేరు. రెండు చేతులూ బస్తా మీదే ఉన్నాయి. కొంగుముడి విప్పి అతన్నే తీసుకోమంది. గవరయ్య లేచి వెళ్ళి, ఆ ముడి విప్పి, పావలా తీసుకున్నాడు. రసీదు అందులోనే పెట్టి మళ్ళీ ముడి వేశాడు. ఆవిడ లోపలికి నడిచింది.

గవరయ్య గారు అంతటితో ఆపేశారు. ఉమాపతి ఉండబట్టలేక, "అయితే ఇద్దరిలో మాట తప్పింది ఎవరంటారు?" అన్నాడు.

"ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు నాయనా" అన్నారు గవరయ్య గారు. "ఆ బస్తాల కింద పైడమ్మ మెడే నిలబడలేదు."