ఎడమ పక్క తెర

ఓబులేసుకు మూడు మానిటర్లు చాలలేదు. నాలుగోది తెద్దామనుకున్నాడు. తెచ్చేముందు ఉస్తాద్‌ను ఒక మాట అడగాలనిపించింది.

ఉస్తాద్ అంటే హుస్సేన్ పీరా. నంద్యాలలో నలభై ఏళ్ళు లారీ తోలి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. ఓబులేసు ఆయన బండి మీద పదేళ్ళు క్లీనరుగా తిరిగి, ఆయన చేతి కిందే స్టీరింగ్ నేర్చుకుని డ్రైవరయ్యాడు. నాలుగేళ్ళు విడిగా బండి తోలాడు కూడా. రెండేళ్ళ కిందట, తుప్పు పట్టిన చక్రం నట్టు ఊడక సుత్తితో కొడుతుంటే ఇనుప పలుకు ఎగిరి ఎడమ కంట్లో పడింది. కన్ను పోయింది. దానితోపాటు లారీ లైసెన్సూ పోయింది.

ఇప్పుడు టైర్ల కొట్టులో పంక్చర్లు వేస్తున్నాడు. లారీలు వచ్చి అతని ముందు ఆగుతాయి, గాలి నింపుకుని పోతాయి. పోయేదాకా చూసి, మళ్ళీ కూర్చుంటాడు.

అలాంటివాడికి ఆ కొట్టులోనే ఒక కబురు తెలిసింది. కర్నూలు దగ్గర కొత్తగా డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఒకటి తెరుస్తున్నారు. అక్కడ కొత్తవాళ్ళను మొదట రోడ్డెక్కించరు. సిమ్యులేటర్ మీద కూర్చోబెడతారు. సిమ్యులేటర్ అంటే పెద్ద చిక్కేమీ లేదు. సీటు, స్టీరింగ్, కాళ్ళ కింద పెడళ్ళు నిజమైనవే. రోడ్డు మాత్రం ఎదురుగా తెర మీద కదులుతుంది. ఆ కేంద్రంలో నేర్పడానికి ఇద్దరు కావాలట. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఇంటర్నెట్‌లో కలిసి, సిమ్యులేటర్ మీద మూడు కారు రేసులు తోలాలి. మూడిట్లో ఒక్కసారి మొదటి నలుగురిలో వస్తే చాలు, పిలిచి మాట్లాడతారు. కంటి సర్టిఫికెట్టు అడగరు.

బండి తోలే పనిలోకి తిరిగి వెళ్ళడానికి ఓబులేసుకు మిగిలిన దారి అదొక్కటే.

తుక్కు కొట్టులోంచి లారీ సీటు ఒకటి తెచ్చాడు. చదరపు ఇనుప పైపులతో చట్రం వెల్డింగ్ చేయించి సీటు, స్టీరింగ్, పెడళ్ళు దానికి బిగించాడు. మొదట ఒక్క మానిటర్ పెట్టి చూశాడు. ఒక్క తెరతో తోలడమంటే పక్క కిటికీలకు గోనెపట్టాలు కట్టి, ఎదుటి అద్దంలోంచి మాత్రమే చూస్తూ తోలడం లాంటిది. మలుపు తిరిగేటప్పుడు మనం చూసేది పక్కకు కదా! అందుకని మూడు పెట్టాలనుకున్నాడు.

ఏవో మూడు తెస్తే కుదరదు. మూడూ ఒకే కొలతవి కావాలి. ఒకటి చిన్నదైతే రోడ్డు దాని దగ్గరకు వచ్చేసరికి మెట్టు దిగినట్టు విరుగుతుంది. అంచులు సన్నగా ఉండాలి. లేకపోతే ఎదుటి కారు అంచు వెనక దాక్కుంటుంది. ఇవన్నీ ఓబులేసు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. మూతపడుతున్న కంప్యూటర్ సెంటరులో ఒకే రకానివి మూడు దొరికాయి.

కలిపిన మొదటిరోజు కుడి తెర మిగతా రెంటికన్నా ఒక రెప్పపాటు వెనకబడింది. కారు మధ్య తెరలో మలుపు తిరిగాక కుడి తెరలో చెట్టు కదిలేది. కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. రెండు కేబుళ్ళు ఒక రకం, మూడోది ఇంకో రకం. మూడూ ఒకే రకానివి తెచ్చి బిగిస్తే సర్దుకుంది.

తర్వాత బట్టల కొట్లో మూడు రెక్కల అద్దం ఉంటుంది చూడండి, అలా పక్క తెరలు రెండూ తన వైపుకు మడిచాడు. ఎడమది ఎంత మడిచాడో కుడిదీ అంతే మడిచాడు. కోణమానిని పెట్టి కొలిచాడు. వీడియోలో అలాగే ఉంది మరి.

భార్య ఈశ్వరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇంటికి ఉండేది ఒక్క కిటికీ. దానికీ మూడు తెరలు అడ్డం పెట్టినావు. ఇంక సూర్యుడు కూడా నిన్ను అడిగే లోపలికి రావల్ల" అంది.

మొదటి రేసులో ఓబులేసు పద్దెనిమిది మందిలో అయిదో వాడుగా వెళుతున్నాడు. ఎడమ పక్కనుంచి ఒక కారు లోపలికి వచ్చింది. ఎడమ తెరలో అది నిలువెత్తున కనిపిస్తూనే ఉంది. కానీ ఆ పక్క అతనికి చూపు లేదు. మలుపు తిప్పాడు. తగిలాక తెలిసింది. తప్పు నీదేనని రేసు నడిపేవాళ్ళు వెనక్కి నెట్టారు, తొమ్మిదో వాడయ్యాడు.

రెండో రేసులో అలా కాకూడదని మాటిమాటికీ మెడ తిప్పి ఎడమ తెర చూశాడు. ఆ చూసేలోపల ఎదురుగా మలుపు వచ్చేసింది. గడ్డిలోకి పోయాడు. ఈసారి పదకొండు.

మిగిలింది ఆదివారం రేసు ఒక్కటే.

శుక్రవారం సాయంత్రం హుస్సేన్ పీరా వచ్చాడు. తలమీద టోపీ సర్దుకుని, వంగి, మానిటర్ల వెనక కేబుళ్ళు కూడా చూశాడు.

"లారీలో కూడా ఇన్ని వైర్లు ల్యా కదప్పా" అన్నాడు.

ఓబులేసు తన ఆలోచన చెప్పాడు. "ఇంకోటి తెస్తా ఉస్తాద్. నాలుగోది. కుడి పక్క పైన బిగిస్తా. ఎడమ పక్క వచ్చే బొమ్మ అందులో పడేట్టు చేస్తా. అప్పుడు ఈ కంటికి అందుతాది."

"మంచిది. ఆ పైకి చూసేటప్పుడు ఎదురుగా యాడ చూస్తావు?"



"అయిదోది తెస్తాడులే మామా" అంది ఈశ్వరమ్మ, టీ గ్లాసు అందిస్తూ. "ఆరోది వచ్చినాక మేము బయట పండుకుంటాము."

ఉస్తాద్ నవ్వి టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"పక్కన మనిషిని కూర్చోబెట్టుకోకూడదంటనా?"

"కూర్చోబెట్టుకోవచ్చు. ఒకరు ఉండొచ్చు. ముందే పేరు రాసియ్యమన్నారు. శనివారం దాకా మార్చుకోవచ్చు."

"ఎవరి పేరు రాసినావు?"

"ఎవరూ లేరని రాసినా." అన్నాడు ఓబులేసు. "మిగతావాళ్ళ పక్కన ఉంటారేమో. నాకొద్దు. కన్ను ల్యాదు, పక్కన ఇంకొకరు చూసి చెప్తే తోలినాడు అనిపించుకునేదానికా నేను ఇంత చేసింది? రేపు ఆడ ఉద్యోగం ఇచ్చినా నాకది చేదుగానే ఉంటాది."

ఉస్తాద్ సీటు వైపు చెయ్యి చూపించాడు.

"ఏదీ, తోలు. చూస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం ప్రాక్టీసుకు పదిమంది దాకా వచ్చి ఉన్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని అదే రోడ్డు మీద తోలుతున్నారు. ఓబులేసు వాళ్ళలో కలిశాడు. ఉస్తాద్ సీటు వెనక నిలబడి చేతులు కట్టుకుని చూశాడు. రెండు ల్యాపులు, అంటే రెండు చుట్లు, బాగా సాగాయి. మూడో ల్యాపులో ఎడమనుంచి పచ్చకారు ఒకటి వచ్చింది. ఓబులేసు అటే తిప్పాడు. తెరలు మూడూ గిర్రున తిరిగాయి.

"చూసినావా?" అన్నాడు ఓబులేసు, ఎవరిమీదో కోపంగా.

ఉస్తాద్ గదంతా కలయజూశాడు. మూల రంగు డబ్బా ఖాళీది ఒకటి కనిపించింది. దాన్ని బోర్లించి, సీటుకు ఎడమ పక్కన వేసి, దాని మీద కూర్చున్నాడు. ఎడమ తెర ఓబులేసు వైపుకు మడిచి ఉంది కాబట్టి, అందులోకి చూడడానికి ఆయన మెడ బాగా చాచవలసి వచ్చింది.

"ఊఁ, మళ్ళా తోలు."

"ఉస్తాద్, నువ్వు చెప్పొద్దు. నేనే..."

"నేనేం చెప్పను. నోరు తెరవను. తోలు."

ఓబులేసు బయలుదేరాడు. మొదటి మలుపు దాటింది. రెండోది వచ్చింది. స్టీరింగ్ ఎడమకు తిప్పబోతున్నాడు.

టక్.

ఉస్తాద్ వేలికున్న వెండి ఉంగరం ఇనుప పైపుకు తగిలిన చప్పుడు.

లారీ ప్రయాణం చేసినవాళ్ళకు ఈ చప్పుడు తెలుసు. మన లారీలో డ్రైవరు కుడి పక్కన, అంత ఎత్తులో కూర్చుంటాడు. ఎడమ చక్రం పక్కన మనిషి ఉన్నాడో, రాయి ఉందో, లోయ ఉందో అతనికి కనిపించదు. అక్కడ క్లీనరు ఉంటాడు. తలుపు మీద చేత్తో తట్టి చెబుతాడు. ఇంజను మోతలో మాట వినిపించదు, తట్టు వినిపిస్తుంది. ఒక్క తట్టు అంటే ఆగు, పక్కన ఏదో ఉంది. రెండు తట్లంటే ఖాళీ, రానీ.

ఓబులేసు చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. ఆపాలని అతను అనుకోనేలేదు. ఎడమనుంచి కారు ఒకటి రివ్వున దాటి ముందుకు పోయింది.

టక్ టక్.

ఓబులేసు ఎడమకు తిప్పాడు. కారు మలుపు నున్నగా తిరిగింది.

మెడ తిప్పే పని లేకపోయింది. కన్ను ఎదుటి రోడ్డు మీదే ఉంది. చెవి పైపు మీద ఉంది. ఒక ల్యాపు, రెండు, నాలుగు. అయిదో ల్యాపులో ఇందాకటి పచ్చకారు మళ్ళీ ఎడమనుంచి దూరబోయింది. టక్. దానికి సరిగ్గా కారు పట్టేంత చోటు వదిలి, మలుపు బయటికి వచ్చేటప్పుడు కుడి పక్కనుంచి దాన్ని దాటేశాడు. ఈశ్వరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ కారు వెనకబడగానే రెండడుగులు లోపలికి వచ్చింది.

ఎనిమిది ల్యాపులు. ఒక్కసారి కూడా తగల్లేదు. నాలుగో స్థానం.

ఓబులేసు స్టీరింగ్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ముఖంలో సంతోషం లేదు.

"బాగుండాది ఉస్తాద్. కానీ ఇది నా గెలుపు కాదు."

"ఏంటికి కాదు?"

"నా కన్ను చూడాల్సింది నువ్వు చూసినావు. అట్లయితే తోలింది ఎవరు?"

ఉస్తాద్ రంగు డబ్బా మీద కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. కాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"ఓబులేసూ, దోర్నాల ఘాట్‌లో మనం పదేళ్ళు తిరిగినాం. ఎడమ పక్క లోయ. అది ఎంత దగ్గరగా ఉండాదో నేను ఎప్పుడైనా చూసినానా?"

"ల్యా. ఆ సీట్లో నుంచి కనపడదు."

"ఎవరు చూసినారు?"

"నేను."

"వానలో?"

"వానలో అయితే తలుపు తెరుచుకుని, మెట్టు మీద నిలబడి చూసినా."

"బండి తోలింది ఎవరు?"

జవాబు ఓబులేసు నోటి దాకా వచ్చి ఆగింది. తన గురువు ముఖంలోకి చూశాడు. ఉస్తాద్ కూడా అతని ముఖంలోకే చూస్తున్నాడు, నిజంగా తెలియక అడిగినవాడిలాగా.

"నువ్వే ఉస్తాద్" అన్నాడు చివరికి, మెల్లగా.



ఓబులేసు లేచి, పనిముట్ల పెట్టెలోంచి పానా తీశాడు. కోణమానినితో కొలిచి బిగించిన ఎడమ తెర బోల్టు వదులు చేశాడు. తెరను రెండు చేతులతో పట్టుకుని, తన సీటు వైపునుంచి మెల్లగా బయటికి, రంగు డబ్బా వైపుకు తిప్పాడు. ఈసారి దేనితోనూ కొలవలేదు.

"కనపడుతుండాదా?" అని అడిగాడు.

"ఇంకొంచెం ఇట్ల తిప్పప్పా" అన్నాడు హుస్సేన్ పీరా. "నా మెడ కూడా ముసలిదైపాయ."