గొడుగుల మైదానం దాటిన గోరింక పిల్ల

విమానాల మైదానానికి ఇవతల తుమ్మచెట్లు, అవతల జొన్నచేను. మధ్యలో మనుషులు ఆకాశం నుంచి దూకుతుంటారు. విమానం వాళ్లను పైకి తీసుకెళ్తుంది. దూకినవాళ్లు రాళ్లలా పడి, కిందికి వచ్చాక పారాచూట్లు విప్పుతారు. పిట్టలు వాటిని గొడుగులంటాయి.

అందుకే అక్కడి పిట్టలకో కట్టుబాటు ఉంది. చేనుకు మైదానం అంచు వెంబడి చుట్టూ తిరిగి వెళ్లాలి. అడ్డంగా దాటాలంటే గడ్డిలో గుడ్లు పొదిగే తీతువును అడగాలి. విమానం నేల దిగేదాకా తీతువు సరేననదు.

ఆ పొద్దున సన్నాయి అనే గోరింక పిల్ల గునిసింది.

"చుట్టూ తిరిగితే రెక్కలు పడిపోతున్నాయమ్మా."

"తిరిగే వెళ్దాం."

"ఎందుకో చెప్పవు."

తల్లి పిల్ల మెడ మీద ఈక సర్ది, పురుగుల కోసం కిందికి దిగింది.

కరెంటు స్తంభం మీద డేగ గొంతు సవరించుకుంది. "ఏమే కోడలా, గొడుగులన్నీ దిగాయి చూడు. మడత కూడా పెట్టేస్తున్నారు. ఇంకా పైనెవరున్నారని?"

"తీతువత్తను అడగాలి కదా, మావయ్యా."

"అడుగు. అది ఆలోచించి చెప్పేలోగా నీకు మనవలు పుడతారు."

సన్నాయి నవ్వింది. నవ్వుతూనే ఎగిరింది. కొమ్మల్లో డేగకు అందని పిల్ల ఇప్పుడు బయలులో ఉంది. డేగ మెల్లగా వెనకే లేచింది.

"ఒసే గోరింకా," తీతువు అరిచింది, "నీ పిల్ల మైదానం మీదుందే. విమానం ఇంకా దిగలేదు."

తల్లి ఎగిరింది. పైన విమానం మోత ఉన్నట్టుండి సన్నబడింది. మనుషులు దూకేముందు అలాగే సన్నబడుతుంది. రెండో జట్టు వస్తోంది.

"సన్నాయీ, రెక్కలు ముడుచుకో. గడ్డిలో పడు."

"అమ్మా, మావయ్య వెనకాలే..."

"పడు."

పిల్ల పడింది. డేగ అటు వాలబోయింది. తల్లి ఒక రెక్క వేలాడేసి, కుంటుతున్నట్టు దానికి అడ్డంగా ఎగిరింది.

"దాంట్లో ఏముంది డేగన్నా, ఈకలు తప్ప. నాకు కాస్త కండ ఉంది."

డేగ ఇటు తిరిగింది. తల్లి అందీ అందకుండా దాన్ని పిల్లకు దూరంగా లాక్కుపోయింది. పైన గొడుగులు ఒకటొకటిగా విచ్చుకుంటున్నాయి.

"అన్నా, పైకి చూసుకో."

"నేను పైకి చూస్తే నువ్వు పారిపోవాలనా? ఈ ఎత్తులు నా దగ్గరా?"

డేగ చూపు గోరింక మీదే ఉంది. గొడుగు తాళ్లు వచ్చి దాన్ని చుట్టేశాయి. ఆ గొడుగుతో దిగిన అమ్మాయి, "నా దారిలోకే రావాలా తల్లీ నువ్వు," అంటూ ఓపికగా చిక్కు విప్పింది. తోక ఈకలు సగం తాళ్లలోనే ఉండిపోయాయి. డేగ ఎవరి వంకా చూడకుండా స్తంభం దాటి వెళ్లిపోయింది.

గడ్డిలో తల్లి సన్నాయిని ముక్కుతో తడిమి చూసుకుంది. ఒకసారి చూసి, మళ్లీ చూసింది.

"నీ రెక్క విరిగిందా అమ్మా?"

"లేదు."

"మరి వణుకుతోందే?"

పిల్ల వెళ్లి ఆ రెక్క కిందే దూరి కూర్చుంది. విమానం దిగింది. తీతువు సరేనంది. అయినా ఇద్దరూ అంచు వెంబడే, చుట్టూ తిరిగి వెళ్లారు.

ఆకాశం ఖాళీగా కనబడినా సరే, పైనెవరున్నారో అడిగాకే దాటాలి.